లుహెండే నీడ

పొద్దున్నే లుహెండే చిరిగిన వలొకటి భుజాన వేసుకొచ్చి ఇంటిముందు బండరాయి మీద కూర్చునేవాడు. ఆయన అలా కూర్చున్నాడో లేదో, వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేపల బుట్టలూ పాలచెంబులూ తెచ్చి ఆయన నీడలో పెట్టేవాళ్ళు. లుహెండే నీడ చల్లన. సరస్సులో మోచేతి దాకా చెయ్యి ముంచితే ఎంత చల్లగా ఉంటుందో అంత. పుట్టినప్పటి నుంచీ అంతే. సరస్సు ఒడ్డున మ్వాంజా ఊళ్ళో కొండరాళ్ళ మధ్య ఇరుక్కున్న ఆ వీధికి ఫ్రిజ్జులు రెండే, అవీ కరెంటు దయ మీద. అందుకని పొద్దు జరిగేకొద్దీ ఆడవాళ్ళు వచ్చి బుట్టలు జరుపుకుంటూ ఉండేవాళ్ళు.

"పెద్దాయనా, కాస్త ఎడమకి వంగు. నా చేపల తలకాయలు ఎండలో పడ్డాయి," అనేది ఎదురింటి న్యాంజాలా.

"నేను వంగితే పక్కావిడ పాలు విరుగుతాయి. నీ చేపల్నే ముడుచుకుని పడుకోమను," అనేవాడు వల మీంచి తలెత్తకుండా.

కోడలు మింజా వసారాలో కూర్చుని, డబ్బులిచ్చి వచ్చేవాళ్ళకి జడలు అల్లేది. సన్నటి జడలు, వరసగా, నెత్తి మీద నాగటి చాళ్ళలా. ఆ ఇంట్లో మామా కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, నేరుగా మాట్లాడుకోరు. మర్యాద అది. ఉప్పు కావాలన్నా ఆయన మనవరాలితోనే చెప్పేవాడు: "సుండీ, మీ అమ్మని ఉప్పు పంపమను." అమ్మ అక్కడే మూడడుగుల దూరంలో ఉండేది.

మింజాకి పదహారో ఏట మోచేతి మడతల్లో ఎగ్జిమా వచ్చింది. మందుల కొట్టతను ఒక ట్యూబు ఇచ్చాడు. నాలుగు రోజుల్లో చర్మం నున్నగా అయిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాసుకుంది. పద్నాలుగేళ్ళు. మోచేతుల నుంచి మెడకి, మెడ నుంచి కనురెప్పలకి పాకింది. ట్యూబులు మారాయి, మందు ఘాటు పెరిగింది. చివరికి ఒక్కపూట రాసుకోకపోతే ముఖం భగ్గుమనే స్థితికి వచ్చింది.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ ఆమె చేతులు తిప్పితిప్పి చూసింది.

"ఇప్పుడు నిన్ను కాలుస్తున్నది ఎగ్జిమా ఒక్కటే కాదమ్మా. ఈ స్టెరాయిడ్ మందు కూడా. ఒళ్ళు దీనికి మరిగింది. నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించి మానెయ్యాలి. మానాక మాత్రం చాలా అవస్థ పడతావు."

"ఎన్నాళ్ళు?"

"నీకు అబద్ధం చెప్పలేను. నెలలు. ఏడాది దాటినా దాటొచ్చు."

జూన్‌లో ఆఖరిసారి రాసుకుంది. జులై సగానికి ఆమె ఒంటి మీద ఆమె చర్మం లేదు. నల్లటి ముఖం బూడిద రంగుకి తిరిగింది, పగిలిన చోటల్లా లోపలి ఎరుపు కనబడింది. పచ్చటి నీరు కారి ఆరిపోయేది. కట్టుకున్న గుడ్డ ఒంటికి అతుక్కుపోతే నీళ్ళతో నానబెట్టి విప్పుకునేది. దురద చర్మంలో కాదు, ఎముకల్లో. ఎండలో చలితో వణికేది, నీడలో మంటతో మెలికలు తిరిగేది. రోజూ చాప దులిపితే చేటెడు పొట్టు. కనుబొమలు రాలిపోయాయి. జడలకొచ్చేవాళ్ళు మొదట పిల్లకి జ్వరమన్నారు, తర్వాత ఊరెళ్తున్నామన్నారు, తర్వాత ఏమీ చెప్పకుండానే మానేశారు.

"అమ్మా, నిన్ను ఎక్కడ పట్టుకోవచ్చు?" అని ఆరేళ్ళ సుండి అడిగింది.

మింజా తన ఒళ్ళంతా వెతుక్కుంది. చివరికి బొటనవేలి గోరు చూపించింది. పిల్ల ఆ గోరు పట్టుకుని కూర్చుంది.

ఆగస్టులో ఒకరోజు లుహెండే రాయి మీద కూర్చుని, "సుండీ, మీ అమ్మని చాప నా వెనక వేసుకోమను," అన్నాడు. న్యాంజాలా ఆ మాట విని తన బుట్ట తీసేసింది. ఆమెని చూసి తక్కినవాళ్ళూ తీసేశారు. ఆవేళ నుంచి వీధిలో అందరూ ఎండుచేపలే వండుకున్నారు.

మామగారి వీపు నీడలో మింజాకి పొద్దుటిపూట రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నిద్ర పట్టేది. ఆ నాలుగు గంటలే ఆమె బతుకు. మధ్యాహ్నాలు మాత్రం ఎవరివల్లా కాలేదు. అక్టోబరు వచ్చేసరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి చేరాడు. పన్నెండయ్యేసరికి లుహెండే నీడ ఆయన పాదాల కిందికి పోయి దాక్కునేది. అప్పుడు మింజా గోడకి వీపు రుద్దుకుంటూ అరిచేది. ఆ అరుపు విని వీధిలో రేడియోలు కట్టేసేవాళ్ళు.

అలాంటి ఒక మధ్యాహ్నం మొగుడు మదుహు తను నడిపే మినీబస్సు వీధి మొదట్లో ఆపేసి ఇంటికొచ్చాడు. జేబులోంచి ట్యూబు తీశాడు.

"ఒక్కసారి రాసుకో. నాలుగు రోజులు మనిషిలా ఉంటావు. తర్వాత సంగతి తర్వాత."

"తర్వాత మళ్ళీ మొదటి నుంచి."

"మొదటి నుంచే కానీ. నువ్వు చచ్చిపోతావేమోనని భయంగా ఉంది మింజా. స్టీరింగు మీద చేతులు నిలవటం లేదు."

"నాకు చావు రాదేమోనని భయంగా ఉంది," అంది మింజా.

అతను ట్యూబు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

మింజా చాలాసేపు దానివంక చూసింది. తర్వాత తీసుకుంది. మూత విప్పింది. వేలి కొసన తెల్లటి మందు, బఠాణీ గింజంత. వేలు చెంప దగ్గరికి వెళ్ళింది. ఆ వాసనకే ఒళ్ళంతా దాహంతో ఉన్నట్టు ముందుకి వంగింది.

"మింజా."

గుమ్మం అవతల లుహెండే. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆయన నోటి వెంట తన పేరు వినటం అదే మొదటిసారి.

"ఆ వేలు తుడుచుకో. కాసేపు ఓర్చుకో తల్లీ. కాసేపే."

ఆయన పెరట్లోకి వెళ్ళి నులకమంచం ఈడ్చుకొచ్చాడు. న్యాంజాలా ఇంకో కొస పట్టుకుంది. నాలుగు కోళ్ళ కిందా నాలుగు రాళ్ళు పెట్టి మంచాన్ని నడుమంత ఎత్తు లేపారు. లుహెండే దాని మీదికెక్కి వెల్లకిలా పడుకున్నాడు, కళ్ళు ఆకాశంకేసి.

"సుండీ, మీ అమ్మని కింద పడుకోమను," అన్నాడు.

మింజా పాకుతూ వెళ్ళి మంచం కింద పడుకుంది. ఆయన సన్నటి మనిషే. ఆమె కూడా సగమైపోయి ఉంది, నీడ సరిపోయింది. నెత్తి నుంచి అరికాళ్ళ దాకా చల్లదనం దిగింది. వేలి మీది మందు మట్టిలో తుడిచేసి, మూడింటి దాకా కదలకుండా నిద్రపోయింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పంతొమ్మిది రోజులు. నడినెత్తి ఎండకి ముసలాయన పెదాలు చీలాయి, నుదురు పొక్కిపోయింది. న్యాంజాలా వచ్చి ఆయన నోట్లో నీళ్ళు పోసి వెళ్ళేది. ఇరవయ్యో రోజు ఆయన మంచం దిగాడు, నీడ వెంట రాలేదు. నేల మీద మింజాని కప్పి అలాగే ఉంది. ఆమె లేచి నిలబడితే తనూ లేచి ఆమె నీడలో కలిసింది.

లుహెండే తన పాదాల చుట్టూ చూసుకున్నాడు. వట్టి ఎండ.

"ఉండనీ," అన్నాడు.

మంట ఒక్కరోజులో పోలేదు. ఇంకో పది నెలలు వచ్చి పోతూనే ఉంది. ఎర్రబడి, కారి, ఎండి, రాలి, మళ్ళీ ఎర్రబడి. కానీ ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా చల్లటి చోటొకటి ఆమె వెంటే ఉండేది. ట్యూబు మదుహే తీసుకెళ్ళి పారేశాడు. ముసలాయనకి మాత్రం జన్మలో మొదటిసారి చెమట పట్టింది.

"ఇంత ఎండలో మీరంతా ఎలా బతికార్రా?" అని ఆశ్చర్యపోయేవాడు.

"వెనక్కి పిలువు నాన్నా, నీ మాట వింటుంది," అన్నాడు మదుహు.

"వెళ్ళిన చోట దానికి పనుంది."

మరుసటి సెప్టెంబరులో లుహెండే పోయాడు. ఊరి బయట పత్తిచేల పక్కన, వాళ్ళ పెద్దల దగ్గర గొయ్యి తవ్వారు. సాయంత్రం నాలుగైంది, మట్టి ఇంకా కాలుతోంది. ఆడవాళ్ళు దూరంగా కూర్చోవాలి, కోడలు మరీ దూరంగా. మింజా లేచి నడిచి వెళ్ళి గోతికి పడమటి అంచున నిలబడింది. ఎవరూ అడ్డు రాలేదు. ఆమె నీడ పొడుగ్గా గోతిలోకి పడింది.

లోపల శవాన్ని సర్దుతున్న మదుహు చేతులాపి, "చల్లబడింది," అన్నాడు.

మింజా కాసేపు అలాగే నిలబడి, ఒకడుగు వెనక్కి వేసింది. తన నీడ తనతో వచ్చింది. రెండోది రాలేదు. మట్టి పోశారు.

తిరిగొచ్చేటప్పుడు దారికి అటూ ఇటూ ఒక్క చెట్టు లేదు. మింజా చేతుల మీద ఎండ పడుతోంది. సుండి పక్కనే నడుస్తూ తల్లి ముఖంలోకి చూసింది.

"మండుతోందా అమ్మా?"

మింజా ఆగింది. చేతులు చాపి, కళ్ళు మూసుకుని, కాసేపు చూసుకుంది.

"లేదు. ఎండగా ఉంది, అంతే."