అప్పాజీ తెచ్చిన తెల్లరాయి

అప్పాజీ లెక్కలో తాను తెచ్చిందంటే ఇత్తడైనా మేలిమి బంగారమే. పోయినేడు పెళ్లిరోజుకి “అచ్చమైన బహ్రెయిన్ ముత్యాలే!” అంటూ భార్య సూర్యావతికి కమ్మలు పెట్టాడు. నాలుగుసార్లు తలంటుకునేసరికి పైపొర ఊడి ఆమె చేతికొచ్చింది. ఇంకోసారి నకిలీది తెస్తే నీ చేతి సొమ్ము జన్మలో పెట్టుకోనని ఆవిడ ఒట్టేసింది. అన్న మాట తప్పే మనిషి కాదు.

మళ్లీ పెళ్లిరోజు వస్తోంది. బహ్రెయిన్‌లోనే, బుదైయా ఊళ్లో ఓ విల్లా తోటకి అప్పాజీ రాళ్లు దింపుతుంటే ఒకటి జారి పగిలింది. గోధుమరంగు రాతి కడుపులో మీగడలాంటి తెల్లముక్క కనబడింది. పగిలినవి పారేయమన్నాడు యజమాని. అప్పాజీ దాన్ని జేబులో వేసుకుని, రాళ్లకు సానబట్టే స్నేహితుడు మార్కు దగ్గర వాలాడు.

మార్కు దాన్ని చేతిలో ఎగరేసి చూశాడు. పలుగురాయికన్నా తేలిక. పలుగురాయితో గీస్తే గీత పడింది. విరిగినచోట గవ్వ లోపలిలా వంపు తిరిగి, మైనం పూసినట్టుంది.

“నాలిక మీద పెట్టు.”

పెడితే రాయి అతుక్కుపోయింది. అప్పాజీ మాట ఆగడం మార్కు చూడటం అదే మొదటిసారి.

“ఒపల్ అనే రత్నమేరా. కానీ మేలురకంలా ఇంద్రధనుస్సు రంగులాడదు. మామూలు రకం.”

“ఆ రెండో మాట నువ్వనలేదు, నేను వినలేదు,” అన్నాడు అప్పాజీ రాయిని ఊడబెరుక్కుని.

శుక్రవారం, పెళ్లిరోజున, హమద్ టౌన్‌లోని తమ గదిలో సూర్యావతి దాన్ని అటూ ఇటూ తిప్పింది.

“ఇది పటికయ్యా! దిష్టికి గుమ్మానికి కడతారే, అది.”

“ఉంగరంలో పొదగడానికే, ఒపలూ...” అని అప్పాజీ అంటుండగానే ఆమె దాన్ని గ్లాసు నీళ్లలో పడేసింది. పటికైతే కరుగుతుందిగా!

ఇద్దరూ తలలు ఆనించి గ్లాసులోకి చూశారు. తెలుపు మెల్లమెల్లగా తగ్గింది. కాసేపటికి రాయి ఆనవాలే లేదు.

“కరిగిపోయింది! మళ్లీ మోసం చేశావు కదయ్యా!” ఆమెకు ఏడుపొచ్చేసింది.

అప్పాజీ గ్లాసులో వేళ్లు పెట్టి దేవితే రాయి తగిలింది. చెక్కు చెదరలేదు, నీళ్లు పీల్చుకుని గాజులా తేటపడిందంతే. ఫ్యాను కింద ఆరబెట్టి అన్నాలు తినేసరికి అంచులు మళ్లీ తెల్లబడసాగాయి.

“రాజులు మాత్రమే పెట్టుకునే రత్నం” అన్న మాట అతని నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

“ఒపలే సూర్యా. కానీ రంగులాడదంట. మామూలుది.”

సూర్యావతి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. తాను తెచ్చినదాన్ని అప్పాజీ మామూలుదనడం పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె వినలేదు.

“అయితే ఇది నిజమైనదే,” అని వేలు చాచింది.