చిన్నారావు గారి బోణీ

చిన్నారావు గారిని నలుగురిలో నిలబెట్టి పరువు తీయాలని ఫిలోమినా ఏనాడో ఒట్టు పెట్టుకుంది. ఆయన డబ్బుతో, ఆయన చేత్తో, ఆయన వాకిట్లోనే తీయాలన్న ఆలోచన మాత్రం చదువుకున్నాకే వచ్చింది. చదువుకుంటే ఓర్పు వస్తుందంటారు. ఆమెకి బాగానే వచ్చింది.

పగ ఎందుకో చెప్పాలి. యానాం పక్క మెట్టకూరులో చిన్నారావు గారికి తోళ్ల షెడ్డు ఉంది. ఓడలెక్కే తోళ్లకు పురుగు పట్టకుండా వాటిని పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, కలిపిన నీళ్లలో ముంచుతారు. ఆ నీళ్లు పారబోసే గుంట పక్కనే కూలీల దాహానికని ఆయన ఒక బావి తవ్వించి, దానికి ధర్మబావి అని పేరు కూడా పెట్టుకున్నారు. ఫిలోమినా అక్క ఆరోగ్యమ్మ భర్త ఆంథోనీ ఆ షెడ్డులో కూలీ. అందరికంటే ఎక్కువగా, పనిచేసినంతసేపూ ఆ నీళ్లే తాగేవాడు. ఫ్రెంచివాళ్ల హయాం ఆఖర్లో ఒక వేసవిలో వాంతులతో మెలికలు తిరిగి చచ్చిపోయాడు. ఒంట్లోకి పాషాణం పోయిందన్నాడు డాక్టరు. ఎవరికైనా బావి మీద అనుమానం వచ్చేలోపే చిన్నారావు గారు అందుకున్నారు.

"ఇద్దరూ ఒక్క కుండలో కూడే కదా తింట? ఆడు పోయాడు, ఇది నిక్షేపంలా ఉంది. ఏంటర్థం?"

పట్టుకెళ్లిన పోలీసులు రుజువు లేక ఆరోగ్యమ్మను వదిలేశారు. ఊరు వదల్లేదు. దరియాలతిప్పలో పుట్టింటికి చేరిన ఆమెను పెళ్లిళ్లకు పిలిచేవారు లేరు, ఆమె చేతి మంచినీళ్లు తాగేవారూ లేరు. చర్చిలో కూడా ఆమె పక్కన చోటు ఖాళీగానే ఉండేది. అది చూసినప్పుడల్లా ఫిలోమినా తన ఒట్టు గుర్తు చేసుకునేది.

ఆమె వాల్తేరులో కెమిస్ట్రీ చదివింది. చదువుతుండగానే ఆ బావి నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేసింది. ఉన్నది పాషాణమే. వెంటనే వచ్చి, నీళ్లు మురిగాయని చెప్పి కూలీలందరి చేతా మాన్పించింది. అసలు సంగతి మాత్రం పైకి చెప్పలేదు. చెబితే అక్క కోసం చెల్లెలు ఆడే నాటకం అంటారు. చిన్నారావు గారు రాత్రికి రాత్రే బావి పూడ్పించేస్తారు.

తర్వాత కాకినాడలో కొత్తగా పెట్టిన ఒక కాలేజీలో లెక్చరరుగా చేరింది. బీఎస్సీ పాఠాల్లో నీటి పరీక్ష, విష పరీక్ష ఉండి తీరాలని పట్టుబట్టింది. పాఠాలదేముంది, సామానుకి డబ్బేదమ్మా అన్నారు ప్రిన్సిపాలు. డబ్బు నేను తెస్తానని ఆమె సరాసరి యానాం వచ్చి చిన్నారావు గారి అరుగు ముందు నిలబడింది. ఆరోగ్యమ్మ చెల్లెలు తన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడటమే ఆయనకు సగం పండగ.

"లేబరేటరీకి మీ పేరే పెడతామండి. గాజు సామాను, తక్కెడలు, దీపాలు, అన్నీ మీ చలవేనండి," అంది.

"అందులో ఏం నేర్పుతారమ్మాయ్?"

"ఏ నీళ్లలో ఏముందో, ఏ మనిషి ఎందుకు పోయాడో కనిపెట్టడమండి."

మరొకరైతే ఉలిక్కిపడేవారు. ఆయన ధ్యాస వేరే ఉంది. "పేరు బోర్డు మీద రాయిత్తారా, రాతి మీద చెక్కిత్తారా?" అని అడిగారు. రాతి మీదే అని తెలిశాక మీసం మెలేశారు. "అయితే సామాను ముందు మా వాకిట్లో దిగాలి. బోణీ నేను చెయ్యాలి. నా చేతి బోణీ పడని కొట్టు ఈ యానాంలో లేదు."

"అలాగేనండి. బోణీకి గోదారి నీళ్లు తెమ్మంటారా అండీ?"

"గోదారి అందరిదీని. ఊరందరి సరుకుతో బోణీ చేసేవోణ్ణి ఎక్కడైనా చూశావా? నా సొంత సరుకు పడాలి. నా ధర్మబావి నీళ్లు తెప్పిత్తాను."

సంతోషం ముఖంలో కనబడిపోతుందని ఫిలోమినా తల వంచుకుంది. వ్యాపారస్తుడు బోణీకి పరాయి సరుకు ముట్టడని ఆమెకు తెలుసు. అయినా ఒక భయం ఉండేది, బావి సంగతి ఆయనకు లోలోపల తెలుసేమోనని. తెలియదు. అన్నేళ్లు చెప్పిన అబద్ధాన్ని ఆయన తానే నమ్మేశారు.

బోణీ రోజున చిన్నారావు గారు వాకిట్లో పందిరి వేయించి, షెడ్డు కూలీలందర్నీ రప్పించి, ఊళ్లో పెద్దలతోపాటు పోలీసు ఇనస్పెక్టరు గారినీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఫిలోమినా అక్కను తీసుకొచ్చి పందిరి రాట పక్కన నిలబెట్టింది. ఆ పక్కనున్న ఆడవాళ్లు దూరం జరిగారు.

ఫిలోమినా గాజు బుడ్డిలో జింకు ముక్కలు వేసి యాసిడ్ పోసింది. సన్నటి గొట్టం చివర వచ్చే గ్యాసు వెలిగించింది. ముందు గోదావరి నీళ్లు పోసి, చిన్నారావు గారింటి పింగాణీ గిన్నెనే ఆ మంటకు పట్టి చూపించింది. తెల్లగానే ఉంది. "పాషాణం ఉంటే నల్లబడుతుందండి," అని అందరికీ వినపడేలా చెప్పింది. ఇంకో బుడ్డి సిద్ధం చేసింది. చిన్నారావు గారు దేవుడికి దణ్ణం పెట్టుకుని, చెంబులోంచి ధర్మబావి నీళ్లు తన చేత్తోనే పోశారు.

గిన్నె మీద నల్లటి మచ్చ అద్దంలా మెరుస్తూ పరుచుకుంది.

ఫిలోమినా మనసు చల్లబడింది. ఇన్నేళ్లలో అంత సుఖం ఆమె ఎరగదు.

"గిన్నెకేదో పూసేవు!" అని అరిచారు చిన్నారావు గారు.

"గిన్నె మీ ఇంటిదేనండి. నీళ్లూ మీవేనండి. నా మాట తప్పయితే తాగి చూపించండి." చెంబులో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసి ఆయన చేతికిచ్చింది.

ఆయన గ్లాసు పైకెత్తారు. పెదవిదాకా వెళ్లిన గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఇనస్పెక్టరు గారు చూస్తున్నారు, కూలీలు చూస్తున్నారు, ఇంట్లోంచి ఆయన భార్య చూస్తోంది. గ్లాసు ఒలికి రెండు చుక్కలు వేళ్ల మీద పడితే, కండువాతో గబగబా తుడుచుకున్నారు.

ఫిలోమినా అనాల్సినవన్నీ ఏళ్ల తరబడి దాచుకుంది. నోరు తెరిచేలోపే ఆరోగ్యమ్మ పందిరి మధ్యకి నడిచి వచ్చింది.

"మా ఆయన తాగేడు బాబూ," అంది. "బావి తవ్వించిన మారాజు చల్లగా ఉండాలని, తాగిన ప్రతిసారీ మీకు దణ్ణం పెట్టుకునేవోడు."

ఇనస్పెక్టరు గారు లేచి వచ్చి, గ్లాసు ఆయన చేతిలోంచి రుజువుగా తీసుకున్నారు.