పేరు రాయని చోటు

సబ్జా ఆకు వాసన.

వేళ్ళకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు. టర్పెంటాయిల్‌తో తోమినా పోదు. ఎనామిల్ రంగు పోతుంది, తారు పోతుంది, బోటు అడుగున పట్టిన నాచు జిగురు పోతుంది. ఈ వాసన మాత్రం గోళ్ళ సందున కూర్చుని, అన్నం ముద్ద నోటి దగ్గరకు తెచ్చినప్పుడు మెల్లగా పలకరిస్తుంది.

ప్రతి జుమ్మా నాడూ సైఫుల్లాను అలాగే పలకరించేది.

పలకరించేది... ఇప్పుడు కాదు.

గిలకలదిండి రేవులో బోట్లకు పేర్లు రాసేది సైఫుల్లాయే. ఒకప్పుడు బందరులో సగం కొట్లకు బోర్డులు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చి ఊళ్ళో పని తినేశాయి. బోటుకు ఫ్లెక్సీ కట్టలేరు కాబట్టి బోట్లు మిగిలాయి. వేట నిషేధం రోజుల్లో అవన్నీ ఒడ్డుకు చేరతాయి. వాటి పక్కన నిచ్చెన వేసుకుని ఆయన ఎక్కుతాడు. తెలుగు రాస్తాడు, ఇంగ్లీషు రాస్తాడు, మసీదు గోడకు ఉర్దూ రాస్తాడు. గీత వంకర పోదు.

"ఎప్పటికీ ఉండేలా రాయండి" అంటారు అందరూ.

అందరిదీ ఒకటే కోరిక... ఒక్కో నోట ఒక్కో మాట.

సంఘాల వాళ్ళది శాశ్వతం. శాశ్వత అధ్యక్షులు, శాశ్వత గౌరవ సభ్యులు. పెద్ద మాట, వత్తులున్న మాట, రంగు బాగా తాగుతుంది. ఏడాది తిరక్కుండానే మళ్ళీ కబురొస్తుంది -- ఆ పేరు తీసేసి ఇంకో పేరు వేయండి, శాశ్వత అన్నది మాత్రం అలాగే ఉంచండి అని. సైఫుల్లా నవ్వు ఆపుకుంటూ డబ్బా మూత తీసేవాడు.

ఆఫీసుల వాళ్ళది పర్మనెంట్. వీధులు ఊడ్చే సునీత ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ జుట్టు నెరిపించుకుంది. ఎప్పుడు కనబడినా, "ఈసారి పర్మనెంట్ అయిపోద్దంట అన్నయ్యా" అంటుంది. అయిపోతుందిలేమ్మా అంటాడు. ఆమె మొహం చూస్తే ఇంకో మాట రాదు.

పెడనలో అద్దకం వాళ్ళది పక్కా. కరక్కాయ నీళ్ళలో ముంచి, ఉడకబెట్టి, కాలువలో బండకేసి బాదినా నిలిస్తే అది పక్కా రంగు. ఆయన భార్య నాగూర్ బీ పెడన పిల్ల. పెళ్ళికి తెచ్చుకున్న దుప్పటి మీద పువ్వులు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. వాటి చుట్టూ గుడ్డే పిగిలిపోయింది.

నాగూర్ బీది హమేషా.

ఆ మాటను ఆమె ప్రేమగా ఎప్పుడూ వాడలేదు. తిట్టడానికే దాచుకుంది. హమేషా చాయ్ చల్లార్చుకుంటారు. హమేషా చొక్కాకు రంగు పూసుకొస్తారు. హమేషా ఇంతే మీరు...

ఆ హమేషా ఆగిపోయి నాలుగేళ్ళు దాటింది.

బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఉన్నాయి. పెద్ద పెద్ద నల్లరాళ్ళు, వాటి మీద ఉబ్బెత్తుగా తేలిన అక్షరాలు. పెళ్ళయిన కొత్తలో ఆమెను తీసుకెళ్ళి చూపించాడు. ఎవరి చేతి పనో గానీ వందల ఏళ్ళయినా గీత అరగలేదు చూడు అని మురిసిపోయాడు. ఆమె వంగి, ఒక అక్షరం మీద వేలు పెట్టింది.

"ఏమని రాసుంది?"

ఆయనకు తెలియదు. కాపలా మనిషికీ తెలియదు.

"అయ్యో పాపం" అంది. "ఇంత కష్టపడి రాసుకున్నారు... పలికేవాళ్ళే లేరు."

ఆ మాట ఆయన మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. జబ్బు ముదిరి మంచం దిగలేని రోజుల్లో, చల్లారిన చాయ్ గ్లాసు పక్కన పెట్టించుకుని, తీరిగ్గా చెప్పింది.

"నా మీద రాయి పెట్టించకండి. కచ్చా మట్టే ఉండనీండి. మీరొచ్చి కాసిని నీళ్ళు చల్లండి చాలు."

మాట ఇచ్చాడు.

ఊరందరి పేర్లూ రాసిన మనిషి, ఆమె పేరు ఎక్కడా రాయలేదు.

మట్టి దిబ్బ మీద సబ్జా నాటాడు. వాళ్ళలో అది మామూలే. రాయి లేని గోరీకి ఆ పచ్చదనమే గుర్తు. వేసవికి ఎండుతుంది, గింజ రాలుతుంది, చినుకు పడితే మళ్ళీ లేస్తుంది. జుమ్మా నమాజు అయ్యాక ఖబరస్తాన్‌కు వెళ్ళి, నీళ్ళు చల్లి, ఫాతిహా చదివి, ఒక రెమ్మ నలిపి వాసన చూసేవాడు. ఎండిన కంకులు దులిపి కాసిని గింజలు ఇంటికి తెచ్చి, రంజాన్ షర్బత్‌కు ఆమె గింజలు పోసుకునే సీసాలోనే పోసేవాడు. వచ్చేముందు దిబ్బ వైపు చూసి, "వెళ్ళొస్తా" అనేవాడు. ఎన్ని భాషల్లో బతికినా ఆ ఒక్క మాట తెలుగులోనే అనేవాడు.

పోయిన కార్తీకంలో తుఫాను వచ్చింది.

గాలి సంగతి సరే. నీళ్ళు... ఉప్పునీళ్ళు కట్ట దాటి ఖబరస్తాన్‌లోకి వచ్చి రోజుల తరబడి పడుకున్నాయి. దిగాక చూస్తే దిబ్బలు లేవు. సబ్జా లేదు. తూర్పు మూలంతా ఒకటే బూడిద రంగు మట్టి, ఎండి పగుళ్ళిచ్చి. గుర్తు పెట్టుకున్న వేపచెట్టు వేళ్ళతో సహా పోయింది. గోడ నుంచి చూసుకుందామంటే గోడే కూలింది.

ఇక్కడేనా?

కాదు... ఇంకొంచెం ఇటు.

ఇటు కూడా కాదేమో.

కాలు కదపాలంటే భయం వేసింది. అటు ఎవరి తల్లో, ఇటు ఎవరి బిడ్డో. పేరు లేని మట్టి కదా, కొన్నాళ్ళకు అక్కడే ఇంకొకరికి తవ్వుతారు. అప్పుడు నాగూర్ బీ ఎక్కడ అని ఎవరైనా అడిగితే, భూమి మీద ఏ చోటూ చూపించలేడు. ఒకసారి పోగొట్టుకున్న మనిషిని మళ్ళీ పోగొట్టుకోవడమేమిటి యా అల్లా అని, అంత పెద్దమనిషీ ఆ బురదలో చతికిలబడి ఏడ్చాడు.

భయంలో మాట తప్పాడు. ఆ సాయంత్రమే గుడివాడకు ఫోన్ చేశాడు.

గుడివాడలో గ్రానైట్ కొట్టున్న తాహిర్, నాగూర్ బీ తమ్ముడు. అక్కకు రాయి పెడదామని మొదటి రోజు నుంచీ పోరుతున్నవాడు. "ఇప్పటికైనా ఒప్పుకున్నారు బావా" అన్నాడు. "మంచి నల్లరాయి చూసి నేనే దగ్గరుండి చెక్కిస్తా. మీరు నిశ్చింతగా ఉండండి."

సైఫుల్లా నిశ్చింతగా ఉండలేదు. ప్రతి జుమ్మాకూ వెళ్ళి ఆ మూల నిలబడ్డాడు. ఎక్కడో ఒకచోట పచ్చగా కనబడకపోతుందా అని కళ్ళు చిట్లించుకుని వెతికాడు. ఉప్పు పట్టిన నేల మొలిపించలేదు.

వేసవి వచ్చింది. బోట్లు ఒడ్డెక్కాయి.

అవనిగడ్డలో బస్సు మారి, దివిసీమ నుంచి వీరదుర్గ వచ్చింది. హంసలదీవి వైపు మనిషి. చేపల బుట్ట మోసిన మెడ, తిన్నని నడక. ఆమె మొగుడు కొండలరావు నిరుడు వేటకు పోయి రాలేదు. బోటు ఒక్కటే దొరికింది. ఆ బోటును ఇప్పుడు ఈ రేవు నుంచే మరిది తిప్పుతున్నాడు. దాని ముక్కు మీద ఎర్రగా "వీరదుర్గ" అని ఉంది. కొండలరావు ముచ్చటపడి రాయించుకున్నాడు, ఈ సైఫుల్లా చేతనే.

"దాని మీద ఆయన పేరు రాయండి బాబాయ్ గారూ" అంది.

"అలాగేనమ్మా. పాతది గీకేసి రాస్తాను."

"గీకమాకండి."

ఆయన ఆగాడు.

"గీకమాకండి. కింద నా పేరు ఉండనీయండి. దాని మీదే రాయండి."

పనివాడికి అది మింగుడుపడే మాట కాదు. పాత రంగు గీకి, లప్పం పెట్టి, అరగదీసి రాస్తేనే అక్షరం పట్టుకుంటుంది. పాతదాని మీద రాస్తే ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేస్తుంది. అదే చెప్పాడు. నిలవదమ్మా, వచ్చే వేసవి దాకా కూడా ఉండదు అన్నాడు.

"ఉండకపోతే మళ్ళీ వస్తాను. మళ్ళీ రాద్దురుగాని" అంది వీరదుర్గ. "ఏటా వస్తాను బాబాయ్ గారూ. నాకు మాత్రం ఏం పనుంది."

ఆయన నిచ్చెన ఎక్కాడు. రాశాడు. ఎర్రటి పేరు మీద తెల్లటి పేరు. ఆమె కింద ఇసకలో కూర్చుని, ఒక్కో అక్షరం పూర్తవుతుంటే తల ఊపుతూ చూసింది. చివరి అక్షరం అయ్యాక ఆయనే అడిగాడు -- అడగకూడదనుకుంటూనే.

"నీ మనిషికి గుర్తు... ఎక్కడ పెట్టుకున్నారమ్మా?"

"సముద్రానికి గుర్తేం పెడతాం." కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అత్త పాపాయమ్మ ఒడ్డున ఎక్కడ నీళ్ళు తగిలితే అక్కడే పాలు పోస్తది. ఏ చోటని నేను గొడవపడేదాన్ని. ఎక్కడ పోసినా నా కొడుకునే తడుపుతాయిలేవే అంటది. అని... ఏడుస్తది."

తెల్లరంగు ఆరుతోంది.

ఆ వారంలోనే తాహిర్ ట్రాలీ ఆటోలో రాయి తెచ్చాడు.

అందంగా ఉంది. కాదనడానికి లేదు. పైన అరబ్బీలో -- మిగిలేవాడు ఆ అల్లా ఒక్కడే -- అని చెక్కించాడు. దాని కింద నాగూర్ బీ పేరు ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో. అన్నిటికంటే కింద "శాశ్వత విశ్రాంతి" అని. పైన ఏమీ మిగలదన్నాక కింద శాశ్వతం ఎందుకయ్యా అని నాగూర్ బీ ఉంటే తమ్ముణ్ణి తప్పకుండా ఆటపట్టించేది. సైఫుల్లా ఆమె పేరు మీద చెయ్యి పెట్టి చూశాడు. లోతుగా, చల్లగా ఉంది. ఇది లేవదు. పొరలుగా రాలదు.

ఇద్దరు మనుషులు రాయిని దింపి తూర్పు మూలకు మోసుకొచ్చారు.

"ఎక్కడ పెట్టాలి బావా?" అన్నాడు తాహిర్.

సైఫుల్లా నేల వైపు చూశాడు.

ఇక్కడే అంటే చాలు. తాహిర్ నమ్ముతాడు. ఊరు నమ్ముతుంది. ఇంకెవరి గుండెల మీదో నాగూర్ బీ అని మూడు భాషల్లో నిలబడిపోతుంది. జుమ్మా జుమ్మాకూ వచ్చి నీళ్ళు చల్లీ చల్లీ, కొన్నాళ్ళకు తనూ నమ్మేస్తాడు. మోసేవాళ్ళకు బరువు ఆగడం లేదు. త్వరగా చెప్పండి సాయిబు గారూ అంటున్నారు. ఆయన కాలెత్తాడు. ఒకచోట ఆనించబోయాడు.

ఆనించలేదు.

"తెలియట్లేదు తాహిర్."

"తెలియకపోవడమేంటి బావా! వారం వారం వచ్చేవారు కదా!"

"వచ్చేవాణ్ణి. మొక్కను చూసి వచ్చేవాణ్ణి... ఇప్పుడు తెలియట్లేదు."

తాహిర్ కోప్పడదామని నోరు తెరిచాడు. బావ మొహం చూసి అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా అక్కను పిలుచుకుంటూ ఏడ్చాడు. అతని వీపు మీద చెయ్యి వేసి, సైఫుల్లా ఎండలో నిలబడ్డాడు. రాయి వచ్చిన ఆటోలోనే వెనక్కి వచ్చింది. సైఫుల్లా ఇంటి వసారాలో, అక్షరాలు గోడవైపుకు తిప్పి ఆనించారు.

జ్యేష్ఠం చివర తొలి వానలు పడ్డాయి. ఒకటి, రెండు... బాగా పడ్డాయి. నేలలో ఉప్పు కొంత దిగింది.

వంటింట్లో సీసా తీశాడు. ఆమె మీద పెరిగిన మొక్కల గింజలు. కొన్నయినా దాచుకుందామా అనిపించింది. దాచుకోలేదు. తూర్పు మూలకు వెళ్ళి, ఒకచోట అని కాకుండా, ఆ కొస నుంచి ఈ కొస దాకా నల్లటి గింజలన్నీ చల్లేశాడు. సీసా బోర్లించి అడుగు తట్టాడు. వీరదుర్గ అత్త ఎందుకో గుర్తొచ్చింది. రాయి తెచ్చిన రోజు ఆగిన ఏడుపు అక్కడ వచ్చింది.

ఆషాఢంలో లేచాయి.

ముందు అక్కడొకటి ఇక్కడొకటి. తర్వాత గుంపులు గుంపులుగా. తర్వాత ఆ మూలంతా పచ్చగా, మోకాలెత్తున, గాలికి ఒక్కటిగా ఊగుతూ. ఒక జుమ్మా నాడు వెళ్ళేసరికి మెహజబీన్ అనే ఆవిడ అక్కడ మోకరిల్లి ఉంది. ఆమె కొడుకును కూడా ఆ మూలలోనే పెట్టారు.

"చూడండి భాయ్" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా వాడి మీద మొలిచింది. అల్లాయే గుర్తు చూపించాడు."

సైఫుల్లా ఆమె పక్కన వంగి ఆ మొక్కను చూశాడు.

"అవునమ్మా" అన్నాడు. "మీవాడిదే."

ఆమె వెళ్ళిపోయింది. ఆయన ఒక్కడే మిగిలాడు. కాసిని నీళ్ళు తెచ్చి ఎక్కడ చల్లాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చెంబు బరువెక్కింది. చివరికి అంతటా చల్లాడు... మూల సగం కూడా తడవలేదు. ఇందులో ఏ రెమ్మ నీది అని అడిగాడు, పైకే అడిగాడు. హమేషా ఇంతే మీరు అని ఎవరూ తిట్టలేదు. చేతికి అందిన రెమ్మ ఒకటి తుంచి నలిపాడు.

"వెళ్ళొస్తా" అన్నాడు. ఏ వైపు తిరిగి అనాలో తెలియక, నేల వైపు చూసి అన్నాడు.

ఇంటికొచ్చాడు. వసారాలో రాయి గోడవైపే చూస్తోంది. ఆ పూట రంగు పని ఉంది, డబ్బా తెరవాలి, చేతులు కడుక్కోవాలి. టర్పెంటాయిల్ సీసా దగ్గరకు వెళ్ళి, ఆగి, కడుక్కోకుండానే అన్నానికి కూర్చున్నాడు.

ముద్ద నోటి దగ్గరకు తెచ్చాడు...

సబ్జా ఆకు వాసన.