వార్నిష్ వేసేలోపు

రోజూ సాయంత్రం అయిదింటికి గడియారాల ఫ్యాక్టరీ గేటు దాటగానే వెర్నా చేసే మొదటి పని కళ్లజోడు తీసి చేతిసంచిలో పడేయడం. పగలంతా ఆ కళ్లజోడుతోనే వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగులు బిగిస్తుంది. గేటు దాటాక మాత్రం షికాగో నగరమంతా పాలల్లో నానేసిన రొట్టెలా అంచుల్లేకుండా కనిపిస్తుంది. ఆమెకది అలవాటైపోయింది. ట్రామ్ నంబరు పక్కవాళ్లని అడుగుతుంది, మెట్లు గోడ పట్టుకుని దిగుతుంది, కాబోయే మొగుడు రోలండ్‌ని గొంతుబట్టీ తలనూనె వాసనబట్టీ గుర్తుపడుతుంది.

ఏడాది కిందట డాన్సు హాల్లో అతను "అబ్బ, ఎంత పెద్ద కళ్లండీ మీవి!" అన్నాడు. అంతే, ఆ మాట విన్న కళ్లజోడు ఇంతవరకూ అతని ముందు సంచిలోంచి తల ఎత్తలేదు.

పెళ్లి వచ్చే నెలలో. రోలండ్ కొత్తగా పెట్రోల్ బంకు తెరిచాడు. కొత్త సంవత్సరానికి పంచే క్యాలెండరు మీద ఎవరో ముక్కూమొహం తెలియని అందగత్తె ఎందుకు, నా పిల్లే ఉండాలని పట్టుబట్టాడు. అందుకే వెర్నా శనివారాలు బొమ్మలు వేసే ఆల్మా దగ్గర కూర్చుంటోంది.

ఆల్మా లిండ్‌క్విస్ట్‌కి యాభై దాటాయి. ఆమె గది చెప్పులు కుట్టే కొట్టు పైన. గాలికి గౌను ఎగిరిన అమ్మాయిలు, కుక్క గొలుసు కాళ్లకు చుట్టుకుని నోరు సున్నాలా తెరిచిన అమ్మాయిలు, ఇలా ఆమె క్యాలెండర్లకు వేసినవాళ్లు లేని మంగలి షాపు, మెకానిక్ షెడ్డు ఉండదు. ఆఖరి పూతగా వార్నిష్ పడేదాకా ఆమె బొమ్మలు ఒకచోట కుదురుగా ఉండవు. ఆవులిస్తాయి, మేజోళ్లు సర్దుకుంటాయి. పోస్టుమాన్ టోపీ తీసి మరీ వాటిని పలకరిస్తాడు. "ఆల్మా! నీ ఎర్రజుట్టు పిల్లకి జలుబు చేసినట్టుంది, పొద్దుట్నుంచీ ఒకటే తుమ్ములు!" అని కింద చెప్పుల కొట్టాయన కేకేస్తాడు.

వెర్నా బొమ్మ మాత్రం ఆల్మానే తికమక పెట్టింది. ఎత్తు స్టూలు మీద కాలు మీద కాలేసుకుని, కాలి వేళ్లకు ఒక చెప్పు వేలాడుతుండగా, టెలిఫోనులో ఏదో విని ఆశ్చర్యపోతున్నట్టు వేసింది. మర్నాటికి బొమ్మలోని పిల్ల ఫోను ఒళ్లో పడేసి, కళ్లు చికిలించి చుట్టూ తడుముతోంది. ఆల్మా దిద్దింది. మళ్లీ అదే తంతు.

"సిగ్గుపడేవాళ్లను చూశాను, అలిగేవాళ్లను చూశాను," అంది ఆల్మా, హామ్ శాండ్‌విచ్ నములుతూ. "ఇదేంటమ్మాయ్, ఏదో వెతుక్కుంటోంది? ఏం పారేసుకుందట?"

"నాకేం తెలుసండీ?" అంటూ వెర్నా బొమ్మ దగ్గరికి వెళ్లి, ముక్కుకు రంగు అంటుకునేంతగా వంగి చూసింది. ఆ చికిలింపు తనదే. సంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది.

ఆల్మా ఆమెను చూసింది, బొమ్మను చూసింది. శాండ్‌విచ్ పక్కన పెట్టి సన్న కుంచె అందుకుంది. కళ్లజోడు వేయడం పూర్తవగానే బొమ్మలోని పిల్ల రెప్పలార్పింది. కిటికీలోంచి ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కాల దాకా చూసి, నవ్వింది. ఆ నవ్వు ఆల్మా వేసింది కాదు.

"హమ్మయ్య, కుదురుకుంది," అంది ఆల్మా. "కానీ మీవాడు అడిగింది దీన్ని కాదే. తుడిచేయనా, వార్నిష్ వేసేయనా?"

"తుడిచేయండి. కాదు, ఉండండి. నచ్చుతుందేమో. నచ్చదేమో. నాకేం పాలుపోవట్లేదండీ!"

ఇంతలో తలుపు తోసుకుని ఇద్దరు మగాళ్లు వచ్చారు. బొమ్మ చూడ్డానికి తమ్ముణ్ణి కూడా తీసుకొస్తానని రోలండ్ ముందే చెప్పాడు. కానీ ఈ ఇద్దరిలో రోలండ్ ఎవరు? ఒకడికి గడ్డం మీద చిన్న గాటు, ఇంకొకడికి చెవులు కాస్త పెద్దవి. గదంతా ఒకే తలనూనె వాసన. నెల తిరక్కుండా పెళ్లాడాల్సిన మనిషి ఎదురుగా నిలబడితే, ఎవరిని చూసి నవ్వాలో వెర్నాకు తెలియలేదు.

గాటు ఉన్నవాడు సూటిగా ఆమెనే చూశాడు.

"ఏమ్మా, వెర్నా ఇంకా రాలేదా?"

ఆ గొంతు రోలండ్‌ది.

మంచి ముఖమే. కపటం లేని ముఖం. కానీ ట్రామ్‌లో పక్క సీటు వాడి ముఖం కూడా అలాగే ఉంటుంది. కళ్లజోడు తీసేస్తే చాలు, అతను "బంగారం!" అంటాడు, తను నవ్వుతుంది, ఆ ముఖం మళ్లీ మెత్తగా అలుక్కుపోతుంది. వెర్నా చెయ్యి సగం దాకా లేచింది. బొమ్మలోని పిల్ల చెయ్యీ లేచింది. లేచి, కళ్లజోడును ముక్కు మీదికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది.

వెర్నా చెయ్యి కూడా అదే పని చేసింది.

"వచ్చాను," అంది.

ఆ గొంతు విని రోలండ్ ఉలిక్కిపడ్డాడు. "వెర్నా? నువ్వా? ముఖానికి అదేంటి? తీసెయ్ తీసెయ్, నిన్ను గుర్తుపట్టలేకపోయాను!"

"నేనూ నిన్ను గుర్తుపట్టలేదు, రోలండ్."

అతను తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు పైకప్పు వైపు చూశాడు. ఆ గొంతంటే వెర్నాకు ఇప్పటికీ ఇష్టమే, అదే ఆమెకు అర్థం కాలేదు. అతను తొడిగిన ఉంగరం వేలి నుంచి తీసి కుంచెల డబ్బా పక్కన పెట్టేటప్పుడు కూడా అర్థం కాలేదు.

"వార్నిష్ వేసేయండి, ఆల్మా గారూ," అంది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి కన్నీళ్లతో అద్దాలు మసకబారాయి. గౌను అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. గోడ పట్టుకోకుండా కిందికి దిగింది.