రాగి కాగుకు ఇనుప మేకులు

కుంకుమ రంగు ఎన్ని మునకలకు నూలుకు ఎక్కుతుందో, ఉప్పు ఎన్ని పిడికిళ్లు పడాలో రుక్కమ్మ చేతికే తెలుసు. మిగిలిన ఉప్పు రంగునీళ్లను పారబోయకుండా మరుసటి మునకకు రాగి కాగులోనే నిలవ ఉంచేది. గద్వాల సాలెవాళ్లు ఎవరి చీరనైనా మెచ్చుకోవాలంటే "రుక్కమ్మ చేతి ఎరుపు" అనేవాళ్లు.

ఆ చేతిలోనే, యుద్ధం మూడో ఏట, సావుకారి ఇచ్చిన పెళ్లిచీరల నూలు పాడైంది. ఎర్రగా రావలసింది మచ్చలు మచ్చలుగా నల్లబడింది.

"కోడలు ఏమరుపాటున చేసింది, ఈసారికి ఇడిసిపెట్టున్రి" అని అత్త ఈదమ్మ సావుకారిని బతిమాలింది. మగ్గం మీదున్న మొగుడు ఎల్లన్న తల ఎత్తలేదు. రంగు పని పక్కింటి సుగుణమ్మకు పోయింది. బావికాడ ఆడవాళ్లు, "రుక్కమ్మా, బొగ్గు గిట్ట కలిపినవా ఏంది?" అని నవ్వారు.

రుక్కమ్మ కాగును వంచి లోపల చూసింది. రెండు నెలల కింద ఎల్లన్న మేకులు కొట్టించి అతుకు వేయించుకొచ్చిన చోట కళాయి లేచిపోయింది. మేకులకు తుప్పు పట్టి, గోటితో గీస్తే పొడిగా రాలుతున్నాయి. చుట్టూ రాగి మాత్రం చెక్కుచెదరలేదు. "అన్నీ రాగి మేకులే" అని చెప్పి ఎల్లన్న తెచ్చిన కాగు అది.

దాన్ని నెత్తిన పెట్టుకుని ఆ అతుకు వేసిన కంచరి తిమ్మప్ప దగ్గరికి పోయింది.

"రాగి కాగుకు ఇనుప మేకులేంది తాతా?"

"నీ మొగన్నే అడుగు బిడ్డా. లడాయిల రాగి దొరుకుతలేదు, నెల ఆగమన్న. ఇనుమే కొట్టు, పైన కళాయి పూస్తే ఎవరికి తెలుస్తది అన్నడు. ఉత్త ఇనుమైతే ఏండ్లు ఆగుతది. ఉప్పునీళ్లల్ల రాగిని ఆనుకున్నదా, రెండు నెలలు ఆగదు, రంగు చెడుతది అని చెప్పిన."

"ఏమన్నడు?"

"తలకాయ ఊపిండు."

ఇంటికి వచ్చి కాగును మగ్గం ముందు దించింది. "ఇనుమని నీకెరుకేనా?"

ఎల్లన్న తల్లి వైపు చూశాడు. ఈదమ్మ తలుపు దగ్గరికి వేసింది. "మెల్లగ మాట్లాడు, బజారు ఇంటది."

"అత్తా, తప్పు నాది కాదు."

"నాకు ఎరుకే. నూలు చెడిన నాడే వాడు చెప్పిండు. మొగోడు తెలిసే చేసిండంటే సావుకారి మళ్ల నూలు ఇస్తడా? ఆడదాని చేతి తప్పంటే తిట్టి ఊకున్నడు. నీకేం పోయింది?"

దారి పొడుగునా రుక్కమ్మ కూర్చుకున్న మాటలు వినవలసిన వాళ్లు ఇద్దరే. ఇద్దరికీ ముందే తెలుసు.

"వచ్చే నెల రాగి వస్తదంట" అన్నాడు ఎల్లన్న. "మంచి మేకులు కొట్టిపిస్త. మళ్ల నువ్వే రంగెయ్యి."

"ఇనుము సంగతి బజారుల చెప్తవా?"

ఎల్లన్న పడుగులో పోగు దూర్చే నాడె అందుకుని మగ్గం మీదికి వంగాడు.

"అయితే సుగుణమ్మనే పిలువున్రి" అంది రుక్కమ్మ. "ఆమె చేతి పేరు ఇంకా చెడలేదు."