రెండు కొసలూ ఒకే పెట్టెలో

ఆ ఆసుపత్రిలో మూడు వారాలుగా రోజు మార్చి రోజు ఎక్కడో ఒకచోట నెట్‌వర్క్ పడిపోతోంది. ఒకసారి ల్యాబ్‌లో, ఒకసారి ప్రసూతి వార్డులో, ఇంకోసారి మందుల స్టోరులో. పడిపోవడమంటే అలా ఇలా కాదు. తెరల మీది అక్షరాలు ఉన్నచోటే బిగుసుకుపోతాయి, ఫోన్లు మూగబోతాయి, నర్సులు కాగితాలు పట్టుకుని మెట్ల మీద పరుగులు తీస్తారు. ఆ పరుగుల మధ్యే తీరిక చేసుకుని నెట్‌వర్క్ విభాగానికి శాపనార్థాలు కూడా పెడతారు. విభాగమంటే ఏదో పెద్ద పటాలం అనుకునేరు. ఇద్దరే మనుషులు. ఒక బావ, ఒక మరదలు.

బావ అంటే ఆమె అక్క మొగుడు. పాతికేళ్ళ కిందట ఈ గోడల్లో మొదటి కేబుల్ లాగించింది ఆయనే. ఏ గోడ వెనక ఏ తీగ పోతోందో కాగితం చూడకుండా చెప్పేవాడు గనక ఆసుపత్రిలో అందరికీ ఆయన తీగల మాస్టారు. చదువయ్యాక ఏం చెయ్యాలో తోచక గోళ్ళు గిల్లుకుంటూ కూచున్న మరదల్ని ఈ పనిలోకి లాక్కొచ్చి, అ ఆల దగ్గర్నుంచి నేర్పిందీ ఆయనే. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆమె మర్యాదగా "సార్" అని పిలిస్తే, ఎవరొచ్చారా అని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత ఆ గదిలో ఆ పిలుపు మళ్ళీ వినపడలేదు.

జబ్బేమిటో మొదటిరోజే తేలిపోయింది. ఒక్కో అంతస్తులో రెండు మూడు చోట్ల గోడకు బిగించిన ఇనుప బీరువాలు ఉన్నాయి. వాటిలో స్విచ్ అనే పెట్టె, దానికి ఇరవైనాలుగు పోర్టులు, అంటే కేబుల్ గుచ్చే రంధ్రాలు. ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే పెట్టెలో గుచ్చారో, కొంప మునిగినట్టే. ఒక కొస నుంచి బయల్దేరిన సమాచారం రెండో కొస నుంచి మళ్ళీ అందులోకే వచ్చి, మళ్ళీ బయల్దేరి, గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. క్షణాల్లో దారంతా నిండిపోయి మిగతావాటికి అడుగు పెట్టే చోటుండదు. కొత్తరకం పెట్టెలైతే సంగతి పసిగట్టి ఆ పోర్టును మూసేసుకుంటాయి. ఇక్కడివి పాతవి, ఆ తెలివి లేనివి.

పైగా ఇప్పుడు ప్రతి బీరువాలోనూ గుచ్చడానికి సిద్ధంగా కేబుళ్ళు ఉన్నాయి. వచ్చే ఆదివారం పక్కనే కట్టిన కొత్త భవనంలోకి ఐసీయూ మారుతోంది. ఆ మార్పిడి పథకమంతా బావ వేసిందే. దానికోసమని నెల కిందటే బీరువా బీరువాకీ తిరిగి, కొత్త కేబుళ్ళకు ఒక కొస పాత పెట్టెలో గుచ్చి, రెండో కొస వదిలిపెట్టాడు. ఆ రెండో కొసను ఎవరో తీసుకెళ్ళి అదే పెట్టెలో గుచ్చుతున్నారు.

పడిపోయిన ప్రతిసారీ అందరికంటే ముందు పరుగెత్తేది బావే. బీరువా తెరిచి, రెండు నిమిషాల్లో కేబుల్ కనిపెట్టి కొస పీకేసేవాడు.

"ఎవడో బుద్ధిలేనోడు మళ్ళీ గుచ్చాడు చూడు," అనేవాడు.

"బీరువాకి తాళం ఉందిగా బావా."

"ఆ తాళమా? తలపిన్నుతో తీసినా వస్తుంది. నీ జడలోది ఒకటివ్వు, తీసి చూపిస్తా."

సరేనని రెండోవారంలో మరదలు బీరువాలన్నిటికీ తాళాలు మార్పించింది. తాళంచెవుల గుత్తి ఒకటి తన దగ్గర, ఒకటి బావ దగ్గర. మర్నాడే మందుల స్టోరులో మళ్ళీ పడిపోయింది. ఆమె తుడిచేవాళ్ళను అనుమానించింది, రంగులేసేవాళ్ళను అనుమానించింది, ఆఖరికి తాళాలు అమ్మినాయన్ని కూడా అనుమానించింది. ఉన్నవి రెండే గుత్తులని లెక్క తెలిసి కూడా ఆమె బుర్ర ఆ ఒక్క మనిషి దాకా వెళ్ళి వెనక్కి తిరిగివచ్చేది.

బుధవారం ల్యాబ్‌లో పడిపోయినప్పుడు ఆపరేషన్ బల్ల మీద ఒకావిడ ఉంది. ఆమె రక్తపరీక్ష ఫలితం పైకి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆమె బతికింది, అది ఆమె అదృష్టం. మధ్యాహ్నం సూపరింటెండెంట్ బావామరదళ్ళను పిలిచింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు.

"శనివారం లోపల కారణం నాకు కాగితం మీద కావాలి. ఎవరివల్ల జరుగుతోందో తెలియకుండా ఐసీయూలో పన్నెండుమందిని మీ తీగల మీద పెట్టలేను," అంది.

"దొరుకుతాడు మేడమ్. ఎక్కడికి పోతాడు?" అన్నాడు బావ.

ఆ సాయంత్రం మరదలు కింద యంత్రాల గదిలో కూచుని, ఏ పెట్టె ఎప్పుడు చిక్కుకుందో ప్రధాన యంత్రం రాసుకున్న చిట్టాను అచ్చు తీసింది. మొత్తం తొమ్మిదిసార్లు. భవనం నక్షా పరిచి ఒక్కోచోటా పెన్సిల్‌తో సమయం వేసింది. ల్యాబ్‌లో ఎప్పుడు పడిపోయినా తొమ్మిదీ నలభై ప్రాంతంలో. ప్రసూతి వార్డులో పదీ పది. మందుల స్టోరులో పదిన్నర దాటాక. ఏ రోజుదైనా సరే, చోటును బట్టి గడియారం కొట్టినట్టు అదే సమయం. చుక్కలు కలుపుకుంటూ పోతే ల్యాబ్ నుంచి ముందు మెట్లు వదిలేసి, చుట్టుతిరుగుడైనా వెనక లిఫ్టు వైపు వెళ్ళింది పెన్సిల్ గీత. మోకాళ్ళ నొప్పులున్న మనిషి తప్ప ఆ దారిన ఎవరూ వెళ్ళరు. ఆ మోకాళ్ళకు కిందటి నెల మందు తెచ్చిచ్చింది తనే.

గురువారం పొద్దున ఆమె ఆయన వెనకే వెళ్ళింది. బావను దొంగలా వెంబడించాల్సి వచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది. రెండో అంతస్తు నడవలో తలుపు చాటున నిలబడి చూసింది. ఆయన బీరువా తెరిచి, గుడ్డతో పెట్టె మీది దుమ్ము తుడిచాడు. బావకు మొదటినుంచీ ఒక పట్టింపు. బీరువాలో కొస ఏదీ వేలాడుతూ కనబడకూడదు. కనబడితే, అది ఎక్కడిదో చేత్తో తడుముకుంటూ రెండో కొస దాకా వెళ్ళి చూసి, అప్పుడు దాని చోట దాన్ని పెట్టాలి. ఆమెకు నేర్పిన మొదటి పాఠమే అది. ఇప్పుడు ఆయన వేలాడుతున్న కొసను అందుకుని, "ఇదేంటి ఇలా వదిలేశారు," అని గొణిగి, ఖాళీగా ఉన్న పోర్టులో టిక్కుమనిపించాడు. రెండో కొస దాకా ఆయన చెయ్యి వెళ్ళనే లేదు. బీరువా మూసి, తాళం వేసి, లాగి చూసి మరీ వెళ్ళిపోయాడు.

ఆమె పరుగున వెళ్ళి తన తాళంచెవితో బీరువా తెరిచి ఆ కొస పీకేసింది. అప్పటికే నర్సు బల్ల మీద ఫోను మోగుతోంది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. బావ స్నానానికి వెళ్ళేదాకా ఆగి సంగతి చెప్పింది. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతూ వింది. ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?"

"రెండు నెలలైంది. పొద్దున పేపరు చదివి, కాసేపాగి మళ్ళీ అదే పేపరు తెమ్మంటారు. వాళ్ళ తమ్ముడి పెళ్ళెప్పుడని అడుగుతారు. వాడికిద్దరు పిల్లలు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తానంటే మండిపడ్డారు. ఆఫీసులో బాగానే ఉన్నానుగా, నీది మరీ చాదస్తం అన్నారు." అక్క చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచింది. "రిపోర్టులో రాయకే. ఆ పని ఉంది కాబట్టే మనిషి నిలబడి ఉన్నారు. అది కాస్తా తీసేస్తే నాలుగు రోజుల్లో మంచాన పడతారు. నువ్వు పక్కనే ఉంటావుగా, ఆయన గుచ్చినవి నువ్వు తీసెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

నిజం చెప్పాలంటే దారి పొడుగునా మరదలు అనుకున్నదీ అదే. ఆదివారం దాటితే ఈ పాత బీరువాల్లోకీ కొత్త పెట్టెలు వస్తాయి. బావ ఎన్ని కొసలు గుచ్చినా అవే పోర్టు మూసేసుకుంటాయి. ఆయన గుచ్చుకుంటూ తిరగొచ్చు, తను తీసుకుంటూ తిరగొచ్చు, పదవీ విరమణ దాకా నెట్టుకురావచ్చు. ఆ ఆలోచనతో ఆమె ప్రాణం కాస్త తేలికపడింది కూడా.

ఇంటికెళ్ళి, ఎందుకైనా మంచిదని, ఆదివారం పథకం ముందేసుకుని ఒక్కో వరుసా సరిచూసింది. పదమూడు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు. పన్నెండు పేజీల్లో వేలు పెట్టడానికి లేదు. ఐసీయూ పేజీలో మూడు పడకల యంత్రాలను ఆయన నేలమాళిగలోని పాత పెట్టెకు కలిపాడు. ఆ పెట్టె ఇప్పుడు లేదు. రెండేళ్ళ కిందట దాన్ని విప్పి చెరోవైపూ పట్టుకుని మోసింది వాళ్ళిద్దరే. ఆదివారం ఆ మూడు పడకల రోగులకు గుండె ఆగినా నర్సు బల్ల దగ్గర గంట మోగదు.

శుక్రవారం ఆయనకంటే గంట ముందే వెళ్ళి, బీరువాల్లోని కొసలన్నీ తీసేసి, యంత్రాల గదిలో ఎదురుచూసింది. ఎలా మొదలుపెట్టాలో పది రకాలుగా అనుకుంది. ఆయన వచ్చి కూచోగానే అవన్నీ ఎగిరిపోయాయి.

"బావా, తొమ్మిదిసార్లూ నువ్వే."

ఆయన నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. చిట్టా అడిగాడు. కళ్ళజోడు పెట్టుకుని, నక్షా మీద వేలితో గీత వెంట వెళ్ళాడు, ల్యాబ్ నుంచి వెనక లిఫ్టుకు, అక్కణ్ణించి ప్రసూతి వార్డుకు. ఎవరో కొత్తవాడు చేసిన పనిని పరీక్షిస్తున్నట్టు మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"నిన్న నీ కళ్ళతో చూశావా?"

"చూశాను."

"రెండో కొస దాకా వెళ్ళలేదా నేను?"

"లేదు బావా."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "రిపోర్టు రాశావా?"

రాసింది. పాత పరికరాల్లో రక్షణ లేకపోవడం కారణమని రాసింది. ఆయన చదివి కాగితం వెనక్కి తోశాడు.

"ఇదేం రాత? పెట్టెలు వాటికవే గుచ్చుకున్నాయా?"

"అక్క రాయొద్దంది."

"మీ అక్క సంగతి నేను చూసుకుంటా. నువ్వు రాయి. మనిషి చేసిన పొరపాటు. ఏ మనిషో అది కూడా రాయి." ఆమె టైపు చేస్తుంటే పక్కన నిలబడి వాక్యం వాక్యం ఆయనే చెప్పాడు. "ఏడుస్తూ కొట్టకే, తప్పులు పడతాయి," అన్నాడు మధ్యలో.

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి ఐసీయూ పేజీ చూపించినప్పుడు మాత్రం కూలబడ్డాడు.

"ఆ పెట్టె తీసేశామా? ఎప్పుడు?"

"మనిద్దరమే మోశాం బావా. నీ నడుం పట్టేసింది, వారం రోజులు సెలవు పెట్టావు."

ఆయన గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఎంత చూసినా దొరకలేదని ఆ మొహమే చెప్పింది. పన్నెండుమంది రోగుల కంటే, ఆసుపత్రి కంటే, ఆ క్షణాన ఆమెకు ఆ మొహమే ఎక్కువైపోయింది. ఆ కాగితం చూపించిన తన చేతుల్ని నరుక్కోవాలనిపించింది.

శనివారం సూపరింటెండెంట్ రిపోర్టు రెండుసార్లు చదివింది. కోప్పడలేదు. దీర్ఘకాలిక సెలవు రాసి, వైద్యుడి దగ్గరకు చీటీ కూడా తనే రాసిచ్చింది. "ఆయన ప్రవేశ అనుమతులన్నీ ఇవాళే తీసెయ్యండి," అంది. తలుపులు తెరిచే కార్డులు కూడా నెట్‌వర్క్ విభాగం కిందే ఉంటాయి. అంటే తీసెయ్యాల్సింది మరదలే. ఆమె జాబితాలో ఆయన పేరు వెతికి తీసేసింది. ఖాయమేనా అని యంత్రం అడిగింది. ఖాయమేనని నొక్కింది.

ఆదివారం పని సాఫీగా జరిగింది. ఆమె మూడు వరుసలు దిద్దింది. పన్నెండు పడకల దగ్గరా గంట మోగించి చూసుకుంది. కొత్త పెట్టెలు బిగించడానికి వచ్చినవాళ్ళు పథకం చూసి, ఎవరు వేశారోగానీ అద్దంలా ఉందన్నారు. మా బావ అని చెప్పింది.

సోమవారం తొమ్మిదింటికి ఎవరో యంత్రాల గది తలుపు అద్దం మీద తట్టారు. చూస్తే బావ. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. చేతిలో కార్డు పట్టుకుని తలుపు పక్కన దాన్ని మళ్ళీ మళ్ళీ ఆనిస్తున్నాడు. బల్ల మీద ఆమె ఫోను వణుకుతోంది. అక్క. అప్పటికే ఆరుసార్లు చేసింది.

ఆమె లేచి వెళ్ళి తలుపు తీసింది.

"కార్డు పనిచెయ్యట్లేదు మరదలా," అన్నాడు ఆయన. "కింద గేటు దగ్గర కూడా అంతే. వాచ్‌మన్ తెలిసినవాడు గనక వదిలాడు. ఎక్కడ తేడా కొట్టిందో కాస్త చూడు. ఆదివారం ముంచుకొస్తోంది, బోలెడు పనుంది మనకి."

నిజం ఒక్కసారి చెప్పేస్తే అయిపోతుందనుకుంది ఆమె. శుక్రవారమే ఆ కష్టం గట్టెక్కానని అనుకుంది.

"కార్డు బాగానే ఉంది బావా. నేనే ఆపేశాను."

"నువ్వా?" ఎప్పటి వేళాకోళమే అనుకుని ఆయన నవ్వాడు. "ఏం, నేనేం తప్పు చేశానే?"

ఆమె అక్కకు బావ ఇక్కడే ఉన్నాడని చెప్పి ఫోను పెట్టేసింది. ఆయనకు కుర్చీ లాగి వేసి, తనూ ఎదురుగా కూచుని, మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.