పూజలో పెట్టిన పెన్‌డ్రైవ్

వాహిద్ తెర మీది ఎర్ర అక్షరాలను మళ్లీ చదివాడు. అప్‌డేట్ ఈసారీ మధ్యలోనే ఆగిపోయింది.

ప్రొద్దుటూరు ఎండలు మండిపోతున్నా, బట్టల అంగడి వెనకున్న ఆ ఏసీ గదిలో అతను స్వెటర్ వేసుకునే కూర్చుంటాడు. నెరిసిన గడ్డం, వంగిన వీపు, పగిలిన వేలికొసలు. అంగడిలో కంప్యూటర్లు పెట్టినప్పటి నుంచీ ఆ గది అతనిదే. అందులో రెండు సర్వర్లు. ఒకే ఇంట్లో మూడు కాపురాలున్నట్టు, ఒక్క సర్వర్‌లోనే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అంగళ్ల కంప్యూటర్లు మూడూ నడుస్తాయి. అప్‌డేట్ ఎక్కాలంటే ముందు ఆ మూడింటినీ రెండో సర్వర్‌కు మార్చాలి. పులివెందులది కదలడం లేదు, అక్కడ బిల్లులూ రావడం లేదు.

"ఈ పొద్దు కాలేదంటే హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తా. నువ్వు ఇంటికాడ ఉండొచ్చు" అని యజమాని యోగేష్ పొద్దున్నే చెప్పి వెళ్లాడు. ఆ మాట విన్న అతని తల్లి కామేశ్వరమ్మకు మనసు నిలవలేదు. అంగట్లో దీపం పెట్టి, నేరుగా ఆ గదికే వచ్చింది.

"ఏందప్పా వాహిదూ, మొండికేసిందా మిషను?"

"మిషను కాదమ్మా. అదో, అది."

సర్వర్ వెనక పసుపూ కుంకుమా అంటిన పెన్‌డ్రైవ్ ఉంది. ఉగాదినాడు కొత్త లెక్కలు దాంట్లోకి ఎక్కించి, పూజ చేసి, ఆమే గుచ్చింది. ఎవరూ తీయకూడదని కూడా చెప్పింది. అది పులివెందుల కంప్యూటర్‌ను పట్టుకుని ఉంది. పెన్‌డ్రైవ్ వదిలితే తప్ప ఆ కంప్యూటర్ పక్క సర్వర్‌కు పోలేదు.

"తెలిసీ తీయలేదా?"

"పూజలో పెట్టింది. నా చేత్తో యాడ తీసేదమ్మా?"

"నీ మొగమాటం మండ! ఉద్యోగం పోతాంటే గూడానా?"

ఆమె పెన్‌డ్రైవ్ లాగి, కళ్లకద్దుకుని, కొంగున ముడేసుకుంది. వాహిద్ మళ్లీ నొక్కాడు. పులివెందుల కదిలింది. అతను ఎడమ భుజం రుద్దుకుంటూ నవ్వాడు.

"ఇంగ దాని పాటికది పోతాది. మీరు పోండమ్మా, ఈడ శానా చలి."

ఆమె బయటికొచ్చి కొడుక్కి ఫోన్ చేసింది. "ఆయప్ప చేసేసినాడు. హైదరాబాదోళ్లు గీళ్లు ఏం వద్దు."

"సరేలేమ్మా, ఉండనీ నీ వాహిదును" అని యోగేష్ నవ్వాడు.

కాసేపటికి ఆ మాట చెప్పడానికి ఆమె గదిలోకి వచ్చింది. తెరంతా పచ్చటి గుర్తులు. టేబుల్ మీది ఫోన్‌లో పులివెందుల అంగట్లో బిల్లులు కొట్టే నాసిర్ అరుస్తున్నాడు. "బిల్లు వస్తాంది మామా! ఏం మంత్రమేసినావు? పలకవేంది?"

వాహిద్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

"యోగేష్ నిన్ను ఉండమన్నాడప్పా" అంటూనే ఆమె అతని భుజం తట్టింది. అతని తల పక్కకు ఒరిగిపోయింది. ఆమె చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఫోన్‌లో నాసిర్ మాత్రం పిలుస్తూనే ఉన్నాడు.

ఎవరెవరో వచ్చి అతన్ని ఎత్తుకుపోయారు. కీబోర్డు పక్కన సగం ఒలిచిన చీనీకాయ, తెగని బత్తాయి తొక్కతో, అలాగే ఉండిపోయింది.